పిచ్చుక నోటుబుక్కులు

అమ్మ ఆ సంచీ ఎందుకు మోసుకొస్తోందో బడి గేటు దాటేదాకా నాకు తెలియలేదు. కుట్టిన బట్టలు దారిలో ఎవరికో ఇవ్వాలేమో అనుకున్నాను. మెట్లెక్కుతుంటే సంచీ మూతి కాస్త తెరుచుకుంది. లోపల గోధుమరంగు అట్టలు. మా చెల్లెలు పిచ్చుక నోటుబుక్కులు, ఆరో తరగతి నుంచి ఇప్పటిదాకావి, అన్నీ.

"అవెందుకమ్మా?" అన్నాను.

"ఎందుకేంటి? చూపించద్దూ? ఊరికే ఎవరు సాయం చేస్తారు. పిల్ల బాగా చదువుతుందని తెలిస్తే చేస్తారు. నీకు కాలేజీలో ఫీజు మాఫీ చేసింది మార్కులు చూసే కదా."

అమ్మకి చదువంటే తెలిసింది నా చదువే. మార్కులు తెస్తే తలుపులు తెరుచుకుంటాయని ఆమెకి నేర్పింది నేనే. చదవలేని పిల్లకి, చదవలేదు కాబట్టే సాయం అడుగుతున్నామని ఆమెకి నేను ఏడు నెలలుగా చెబుతూనే ఉన్నాను. ఆమె తలూపుతూనే ఉంది. బడిలో అడుగుపెట్టే రోజు వచ్చేసరికి తనకి తెలిసిన దారిలోనే వచ్చింది.

"ఇటివ్వు, నేను పట్టుకుంటా."

"నువ్వు వాళ్ళతో మాట్లాడు. ఇవి నేను చూసుకుంటా."

మా ఇద్దరి మధ్య నడుస్తున్న పిచ్చుక తలెత్తి నావంక ఒక్కసారి చూసింది. ఆ పుస్తకాల సంగతి తెలిసింది మా ఇద్దరికే.

పిచ్చుకకి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. అక్షరాలు దాని దగ్గర నిలవవు. పొద్దున చూపించిన అక్షరాన్ని మధ్యాహ్నం మళ్ళీ కొత్తగా పరిచయం చేయాలి. చెవిన పడింది మాత్రం ఒక్క ముక్క పోదు. కిందటేడు ఆసుపత్రిలో రెండు రోజులు కూర్చోబెట్టి పరీక్షలు చేసి, ఇది చదవడంలో ఉండే ఇబ్బంది, బుద్ధిలోపం కాదు అని డాక్టరు రాసిచ్చాడు. అలాంటి పిల్లలకి రోజూ ఒక గంట ప్రత్యేక టీచరు, పరీక్షలో ప్రశ్న చదివి వినిపించి జవాబు రాసిపెట్టే మనిషి, అదనపు సమయం ఇవ్వాలని రూలు ఉంది. బడి సంతకం పెట్టి పంపాలి. పెద్ద మేడం పెట్టలేదు. నేను పదకొండుసార్లు తిరిగాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? పాఠం చెప్పే టీచర్లకి లేని బాధ నీకెందుకు?" అనేది. చివరికి విద్యాశాఖ ఆఫీసుకి రాశాను. అక్కణ్ణుంచి ఆఫీసరే వచ్చాడు. శుక్రవారంతో వచ్చే ఏటి పదో తరగతి పరీక్షకి పేర్లు రాసుకోవడం ఆఖరు. ఆ లోపల కాగితం లేకపోతే పిచ్చుక అందరితోపాటు కూర్చుని తెల్లకాగితం ఇచ్చి రావాలి, లేదా ఫలితాలు పాడవకుండా బడివాళ్ళే ముందుగా టీసీ చేతిలో పెడతారు.

పెద్ద మేడం గదిలో బల్లకి అటువైపు మూడు కుర్చీలు. ఇటువైపు ఒక్కటి, దాని మీద హాజరు పట్టీల దొంతర. ఆ దొంతర ఎవరూ తీయలేదు. మేం నిలబడ్డాం. ఆఫీసరు కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. క్లాసు టీచరు మూడో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా బీరువాకి ఆనుకుని నిలబడింది.

"ఈ అమ్మాయి డిగ్రీ చదివింది సార్," అంది పెద్ద మేడం. "వాళ్ళింట్లో మొదటి డిగ్రీ. అందుకని రూల్సు మనకి చెబుతుంది."

"చెప్పనివ్వండి. విందాం," అన్నాడు ఆఫీసరు.

చెప్పాను. డాక్టరు కాగితం ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఏడు నెలలు ఎందుకు ఆపారు?" అని పెద్ద మేడంని అడిగాడు.

"ఆపలేదు సార్. గమనిస్తున్నాం."

ఆ మాటకి ఆయన మొహం చిట్లించాడు. నాకు ఊపిరి కాస్త ఆడింది. సరిగ్గా అప్పుడే అమ్మ ముందుకి జరిగి సంచీ బల్ల మీద పెట్టింది.

"అయ్యా, మా పిల్ల పుస్తకాలు చూడండి. ఒక్క మరక ఉండదు."

పెద్ద మేడం ఒకటి తీసి తెరిచింది. రెండోది తెరిచింది. తర్వాత తొందరపడలేదు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, తరగతికి ఒకటి చొప్పున నాలుగు పుస్తకాలు ఆఫీసరు ముందు వరసగా పరిచింది.

"చూడండి సార్. ఆరో తరగతిలో కోడి కెలికినట్టుంది రాత. ఏడుకి గీత మీదకొచ్చింది. ఎనిమిదికి గుండ్రంగా అయింది. తొమ్మిదికి ముత్యాలే. ఎవరు దిద్దారు? మా బడి. ఇంట్లో ఇంత రాసే పిల్ల పరీక్షలో మాత్రం ప్రశ్నపత్రం చూసి బొమ్మలు గీసినట్టు గీసి ఇస్తుంది. ఏమనాలి దీన్ని? లోపమంటారా? పొగరు సార్. ముద్దుచేసి చెడగొట్టారు. దీనికి పక్కన మనిషిని పెడితే రేపు క్లాసంతా మాకూ కావాలంటారు."

అమ్మకి సగం మాటలు అందలేదు. ముత్యాలు అన్న మాట అందింది. నవ్వుతూ తలూపింది.

ఆఫీసరు పేజీలు తిప్పాడు. డాక్టరు కాగితం మడత పెట్టాడు. "రాయడం వచ్చని కళ్ళెదుట కనిపిస్తోంది కదమ్మా. నేనేం రాయను ఇందులో?" అని కలం మూత బిగించాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆరో తరగతిలో నోట్సు రాయలేదని పిచ్చుక వేళ్ళ మీద స్కేలుతో కొట్టారు. కణుపులు వాచి అన్నం కలుపుకోలేకపోయింది. ఆ సాయంత్రం దాని పుస్తకం నేను రాశాను. నా రాత తెలిసిపోతుందని ఎడమచేత్తో రాశాను. మర్నాడు దెబ్బలు పడలేదు. ఆ మర్నాడూ రాశాను. ఎప్పటికీ ఒకే రాత ఉంటే అనుమానం వస్తుందని నెలనెలా కొంచెం కొంచెం సరిచేస్తూ వచ్చాను. ఏడో తరగతిలో కుడిచేతికి మారాను. మరీ బాగుంటే నమ్మరని పాఠానికో తప్పు ఆలోచించి పెట్టేదాన్ని. రాసిందంతా పిచ్చుకకి చదివి వినిపించేదాన్ని, తప్పుతో సహా. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని పాత కాగితాలు కత్తిరించి అట్టలు వేసేది, ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేది. పిచ్చుక రాసిందనే అనుకునేది. పిల్ల ఎదగడం కూడా నేనే రాశాను.

"అవి నేను రాసినవి సార్," అన్నాను.

ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద మేడం గంట మీద చెయ్యి వేసింది, మమ్మల్ని పంపించడానికి.

"అన్నీ నేనే రాశాను. అది ఒక్క పేజీ కూడా రాయలేదు."

"ఏంటే?" అంది అమ్మ.

"ఓడిపోయేటప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారమ్మా," అన్నాడు ఆఫీసరు. "రుజువేది?"

కాగితం అడిగాను. పెద్ద మేడం ఇవ్వలేదు. ఆయనే ఫైల్లోంచి ఒకటి లాగి, కలం మూత మళ్ళీ తీసి ఇచ్చాడు. బల్ల మీదకి వంగి ఎడమచేత్తో ఆరో తరగతి పుస్తకంలో మొదటి వాక్యం రాశాను. కింద కుడిచేత్తో ఏడో తరగతిది, ఎనిమిదిది, తొమ్మిదిది. ఆయన కాగితాన్ని ఒక్కో పుస్తకం పక్కన ఆనించి చూశాడు. అమ్మకి చదవడం రాదు, కానీ కుట్టులో తేడా పట్టే కళ్ళు ఆవిడవి. నాలుగు వరసలూ చూసి బల్ల అంచు పట్టుకుంది.

"అంటే నాలుగేళ్ళు బడిని మోసం చేశావన్నమాట," అంది పెద్ద మేడం.

"అవును మేడం. నాలుగేళ్ళూ మీ టీచరుగారు కింద సంతకం పెట్టారు."

"నోరు చూడండి సార్. డిగ్రీ నోరు."

ఆఫీసరు వినిపించుకోలేదు. ఎర్రసిరా ఉన్నచోటల్లా ఆగుతూ పైకి చదివాడు. "చక్కటి రాత. మెరుగుపడింది. శభాష్." టీచరువైపు తిరిగాడు. "ఈ పిల్ల రాస్తుండగా ఎప్పుడైనా చూశారా?"

"యాభై ఎనిమిది మంది సార్ క్లాసులో. ఆరునుంచీ నాకే తగిలించారు."

"నేనడిగింది ఒక్కదాని గురించి."

"చూడలేదు," అంది టీచరు నేలకేసి.

ఆయన ఏడో తరగతి సైన్సు పుస్తకం తీసి పిచ్చుక చేతిలో పెట్టాడు. "చదువు."

పిచ్చుక పుస్తకం పట్టుకుంది. చదవలేదు. పేజీ తిప్పలేదు.

"చూశారా," అంది పెద్ద మేడం. "ఇదే పొగరంటే."

"చదవడం రాదు," అంది పిచ్చుక. "ఏ పాఠమో చెప్పండి, చెప్తాను."

"గుండె."

పిచ్చుక మొదలుపెట్టింది. రక్తం ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో, తలుపులు ఎందుకు ఒకవైపే తెరుచుకుంటాయో, మిషను పాదం చప్పుడుతో పోల్చి సొంత మాటల్లో చెప్పుకుపోయింది. ఆఫీసరు పుస్తకంలో వేలు పెట్టి వెంట వస్తున్నాడు. ఉన్నట్టుండి పిచ్చుక ఆగింది.

"అందులో ఆరో ప్రశ్నకి అక్క తప్పు రాసింది. గుండెకి మూడు గదులని. కావాలనే రాసింది. నాలుగు."

ఆయన ఆరో ప్రశ్న చూశాడు. పుస్తకాన్ని తిప్పి పెద్ద మేడం ముందుకి జరిపాడు. మూడు గదులు అని నా రాత. పక్కన ఎర్రటి టిక్కు. కింద శభాష్.

"ఇంకా ఉన్నాయి," అంది పిచ్చుక. "చెప్పమంటారా?"

"చాలు," అంది పెద్ద మేడం.

ఆయన ఫారం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. మామీద జాలిపడ్డాడని ఎవరూ అనుకోనక్కర్లేదు. రాస్తూనే అన్నాడు. "ప్రత్యేక టీచరు, పరీక్షకి రాసే మనిషి, గంట అదనం. మేడం, సంతకం మీరిప్పుడే పెట్టండి. కానీ నువ్వు చేసింది తప్పేనమ్మా. నీ రాతలు లేకపోతే ఈ పిల్ల సంగతి ఆరో తరగతిలోనే తేలేది. దెబ్బలు తప్పించావు, నిజమే. నాలుగేళ్ళు అందాల్సిన సాయం కూడా తప్పించావు. ఒప్పుకుంటూ రాసివ్వు, ఫైల్లో ఉంటుంది. రాసే మనిషి ఇంటివాళ్ళు కాకూడదు. ముఖ్యంగా నువ్వు."

ఆయన అన్నది నిజం.

పెద్ద మేడం సంతకం గీకి, ఈసారి తెల్లకాగితం తనే నావైపు తోసింది.

"రాయమ్మా. ఏ చేత్తో రాస్తావో నీ ఇష్టం."

కుడిచేత్తో రాసిచ్చాను. అమ్మ పుస్తకాలు సంచీలోకి సర్దబోతుంటే పెద్ద మేడం అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఇవి ఇక్కడే ఉంటాయి. సాక్ష్యం."

అమ్మ ఒక క్షణం ఆ చేతివంక చూసింది. "పుస్తకాలు ఉంచుకోండి. అట్టలు నేను వేసినవి," అంది.

కుర్చీ మీది హాజరు పట్టీలు ఎత్తి కింద పెట్టి, ఎవరినీ అడక్కుండా కూర్చుంది. ఒక్కో పుస్తకానికీ అట్ట విప్పసాగింది. మూలల మడతలు గోటితో లేపి, చిరక్కుండా, నాలుగేళ్ళవి. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పెద్ద మేడం ఫ్యాను చూసింది. నేను సాయం పట్టబోతే అమ్మ నా చెయ్యి పక్కకి నెట్టింది.

ఇంటికి వెళ్ళాక మూడు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, పేరు పెట్టి పిలిచేది కాదు. నేను గదిలోకి వస్తే మిషను వేగం పెరిగేది. విప్పిన అట్టలు మాత్రం దొంతరగా మిషను పక్కనే ఉన్నాయి.

నాలుగో రోజు సాయంత్రం, ఎండ ఇంకా కిటికీలో ఉండగా, పిచ్చుక కొత్త నోటుబుక్కు తెచ్చి నా ముందు పడేసింది. ఇంటిపని నోటితో చెప్పి రాయించుకోవచ్చని ప్రత్యేక టీచరు కాగితం మీద రాసి పంపింది. పరీక్షలోనే నేను వద్దు, ఇంట్లో పర్వాలేదట.

"నేను చెప్పింది రాయి. నువ్వనుకున్నది కాదు," అంది.

"సరేలేవే."

"సరేలే అని నాలుగేళ్ళు రాశావు. ఒక్కసారైనా నన్నడిగావా?"

అడగలేదు. కలం తీశాను. నీళ్ళు ఆవిరి కావడం గురించి చెప్పమన్నారు. పిచ్చుక కళ్ళు మూసుకుని చెప్పింది. ఒకచోట తప్పు చెప్పింది. ఆవిరి కావాలంటే నీళ్ళు మరగాల్సిందేనంది. నా చెయ్యి ఆగింది. అలవాటుపడ్డ చెయ్యి. మరగకపోయినా ఆవిరవుతాయి అని రాసేసింది.

"చదివి వినిపించు," అంది పిచ్చుక.

చదివాను. ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గించాను.

"అది నేననలేదు."

"నువ్వన్నది తప్పే. ఆరేసిన బట్టలు మరగబెడితే ఆరుతున్నాయా?"

పిచ్చుక కిటికీ బయట తీగ మీది బట్టలవంక చూసింది. ఒప్పుకున్నట్టే కనిపించింది. అయినా పుస్తకం మీద వేలు పెట్టి నొక్కింది, ఆ వాక్యం ఎక్కడుందో తెలియక వేరే వాక్యం మీద.

"తప్పయితే నా తప్పు. రేపు టీచరు కొట్టేస్తే నాకు తెలుస్తుంది. అక్కడేముందో అది తీసెయ్."

మిషను ఆగింది. అమ్మ సూదిలో దారం తెంపింది.

"కొట్టెయ్," అంది నావంక చూడకుండానే. "అది అనలేదంటోందిగా."

కొట్టేశాను. పిచ్చుక చెప్పిన మాట పైన రాశాను. పేజీలో అదొక్కటే మరక.

అమ్మ దొంతరలోంచి ఒక పాత అట్ట తీసి, ఎవరిమీదో కోపం తీర్చుకుంటున్నట్టు దులిపి, కొత్త పుస్తకం కోసం చెయ్యి చాపింది.