మిగిలింది ఎవరు తినాలి?

"మా పద్మ ఉండగా మా ఇంట్లో ఒక్క మెతుకు వేస్ట్ అవదు బావా" అని మా ఆయన జయప్రకాష్ చెల్లెలి భర్తతో అంటుంటే నేను వాళ్లు తిన్న కంచాలు తీస్తున్నాను. ఆయన పనిచేసే ప్లాంట్ క్యాంటీన్‌లో గోడ నిండా పోస్టర్లు అంటించినా జనం ప్లేట్లలో అన్నం వదిలేస్తున్నారట. "పోస్టర్లు కాదు, మా ఆవిడ్ని తీసుకెళ్లి నిలబెట్టాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

దసరా పూజ సెలవులకు ఖరగ్‌పూర్ నుంచి నా ఆడపడుచు రీనా, ఆమె భర్త వచ్చి టెల్కో కాలనీలోని మా క్వార్టర్‌లో దిగారు. ఆడబిడ్డ పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ గిన్నె అడుగు కనబడకూడదన్నది మా అత్తగారు కస్తూరమ్మ పట్టింపు. కనబడితే ఆడబిడ్డ కడుపు కొట్టినట్టట. కాబట్టి తినేవాళ్ల ఆకలికంటే ఎప్పుడూ ఎక్కువే వండాలి. ఆడబిడ్డ కోసం వండింది మిగిలితే గడప దాటకూడదు, భుయ్యాడీహ్ బస్తీ నుంచి పనికొచ్చే చిలకమ్మకు కూడా పెట్టకూడదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారెయ్యనూ కూడదు. ఇన్ని కూడదుల మధ్య మిగిలేది కోడలి నోరొక్కటే. సాయంత్రం వీళ్లంతా పూజ పందిళ్లు చూడటానికి వెళ్లి, ఎగ్ రోల్, చౌమీన్ తినేసి, ఆకల్లేదంటూ వస్తారు. వండిన అన్నం వండినట్టే ఉంటుంది. మర్నాడు అదే నా మధ్యాహ్నం భోజనం. పులుసు, వేపుడు, పాయసం, ఏదైనా సరే, రెండోరోజు రుచే నాకు బాగా తెలుసు.

ఈ ఎండాకాలం వంటింట్లో కళ్లు తిరిగి పడిపోతే షుగర్ అన్నారు. వేళకి తినాలి, అన్నం తగ్గించాలి, తీపి మానాలి అని డాక్టరమ్మ చెబుతుంటే మా ఆయన పక్కనే కూర్చుని శ్రద్ధగా తలూపాడు. బండి మీద తిరిగొస్తూ సాక్చి బజారు దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగి అడిగాడు, "మరి మిగిలింది ఎవులు తింతారు?" అని. వేళాకోళం కాదు, నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నా జబ్బులో ఆయనకు కనిపించిన చిక్కు అదొక్కటే. ఆ రోజు ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ ఏడ్చాను.

ఉపాయం నాకు తెలియక కాదు. తక్కువ వండితే సరిపోతుంది. సెలవులు మొదలవగానే పొద్దున్నే అడిగాను, రాత్రికి ఇంట్లో ఎవరెవరు తింటారని. అత్తగారు మండిపడ్డారు. "ఆడపిల్ల ఇంటికొత్తే లెక్కలడిగి వొండుతావేటే? ఇదేటి, ఓటలా?" మా ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "చెల్లి ముందర ఇజ్జత్ తీసెయ్యకు. ఎక్కువైతే ఏటైపోద్ది? ఫ్రిజ్ ఉంది కదా." ఫ్రిజ్ దాచుతుందే గానీ తినదు. ఆ సంగతి దాని తలుపు తీసి గిన్నెలు సర్దే మనిషికే తెలుస్తుంది.

దసరా మర్నాడు డాక్టరమ్మ చెప్పినట్టు వేళకి రెండు రొట్టెలు కాల్చుకుని, వంటింటి తలుపు చాటున నిలబడి తినేశాను. నా ఇంట్లో నేను దొంగలా తిన్నాను. తర్వాత అందరికీ పూరీలు, కూర వడ్డించాను. నా కొడుకు అభిలాష్ కూడా తినేసి ఫోన్ పట్టుకున్నాడు. పదో తరగతి చదివే నా కూతురు శ్వేత నాకు సాయంగా పూరీలు అందిస్తూ ఇంకా తినలేదు. అంతా లేచాక అత్తగారు వంటింట్లోకి వచ్చి, ముందురోజు నుంచి గట్టు మీదే ఉండిపోయిన అన్నం గిన్నె మూత తీశారు.

"ఇదేటే, ఇలాగే ఉంది?"

"నాకు పడదు కదత్తా. ఇందాకే రొట్టె తిన్నాను."

"నీకు రోగమొత్తే అన్నానికేటి రోగమే? పారేత్తావా?" అని, "శ్వేతా, ఇలా రాయే" అని కేకేశారు.

నేను పూరీల మూకుడు దించి వెనక్కి తిరిగేసరికి శ్వేత గడప దగ్గర కింద కూర్చుని ఉంది. గిన్నె ఒళ్లో పెట్టుకుంది. అన్నం జిగురెక్కిపోయింది, పులిసిన వాసన నేను నిలబడిన చోటికే వస్తోంది. పిల్ల ఆవకాయ వేసుకుని గట్టిగా పిసికి కలుపుతోంది.

"వొద్దే, లే. నీకు వేడిగా పూరీ ఏత్తాను."

"ఛోడో నా మమ్మీ, ఖా లేతీ హూఁ" అంది. "అచార్ డాల్‌నే సే పతా నహీ చల్తా." పోనీలే, తినేస్తుందట. ఆవకాయ కలిపితే వాసన తెలియదట.

"ఎవులు చెప్పేరే నీకు?"

తలెత్తి నన్ను వింతగా చూసింది. "ఆప్ భీ తో ఐసే హీ ఖాతీ హో."

అవును, నేనూ అలాగే తింటాను. ఎవరూ చూడటం లేదనుకున్నాను. మంచినీళ్లకని వచ్చిన మా ఆయన అది చూసి మురిసిపోయాడు. "చూసేవా బావా, నా కూతురు అచ్చం తల్లే" అన్నాడు హాల్లోకి వినబడేలా. చెంప మీద కొట్టినా నాకంత నొప్పి ఉండేది కాదు. జబ్బు చేశాక నా చోటు ఖాళీ అవుతుందనుకున్నాను. దానికి అప్పుడే వారసురాలు తయారైంది. గిన్నె లాక్కున్నాను గానీ అప్పటికే సగం తినేసింది. సాయంత్రం వాంతులు చేసుకుంది. "పందిట్లో ఏటో తినుంటాది" అన్నారు అత్తగారు. ఆ రోజు పిల్ల ఇల్లు కదల్లేదు.

మర్నాడు రీనా వాళ్ల ప్రయాణం. శ్వేతకు కాస్త మెత్తగా కిచిడీ, నాకు రెండు రొట్టెలు తప్ప కొత్తగా ఏమీ వండలేదు. ఫ్రిజ్‌లో పాడవకుండా ఉన్న రాత్రి కూర, పప్పు, అన్నం పొగలు కక్కేలా వేడి చేసి, అందరి కంచాల్లోనూ సమంగా వడ్డించాను. నా కంచం కూడా తెచ్చుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాను.

మా ఆయన మొదటి ముద్దకే ఆగాడు. "రాత్రిది కదా ఇది? కొత్తగా ఏటీ వొండలేదా?"

"ఇది అయిపోయేక వొండుతాను. వేస్ట్ అవకూడదు కదా."

"ఆడబిడ్డ బయల్దేరి ఎల్తంటే నిన్నటిదెడతావేటే?" అన్నారు అత్తగారు.

"ఈ ఇంటి ఆడబిడ్డకి నిన్న మీరూ పెట్టేరు కదత్తా. అది పాడైపోయింది కూడా. ఇది బాగానే ఉంది."

రీనా తల వంచుకుని తినసాగింది. మా ఆయన కంచం ముందుకు తోసేసి, చేయి కడుక్కుని, బండి తాళాలు తీసుకుని బయటకు వెళ్లిపోయాడు. కంచంలో అన్నం అలాగే ఉంది. అందరూ ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూశారు. పెళ్లయిన నాటి నుంచి అలాంటి కంచం తిరిగి తిరిగి నా ముందుకే వచ్చింది. నేను కదలకపోయేసరికి శ్వేత తన కిచిడీ పక్కన పెట్టి, చేయి చాపి, ఆ కంచం తనవైపు లాక్కోబోయింది. దాని మణికట్టు పట్టుకున్నాను. వదల్లేదు.

"ముట్టుకోకు. అది మీ నాన్న అన్నం. ఆయనే వొచ్చి తింతాడు, లేకపోతే ఆయన చేత్తోనే పారేత్తాడు."