చిలుకమ్మ సముద్రం

సారంగపాణి మోకాళ్ల మీద కూర్చుని, అద్దాల అతుకుల వెంట బొటనవేలు నెమ్మదిగా పోనిస్తున్నాడు. చెమ్మ తగల్లేదు. ఆ వేలి నిండా పాత గాట్లే. వరంగల్ చౌరస్తాలో దేవుళ్ల పటాలకూ, పోయినవాళ్ల ఫోటోలకూ ఏళ్ల తరబడి అద్దాలు కోసిన చెయ్యి అది. ఫ్రేములకు గిరాకీ తగ్గాక చేపల తొట్లలోకి దిగాడు. ఉప్పునీళ్ల తొట్టి కట్టి సముద్రపు చేపను బతికించాలంటే హనుమకొండలో అతన్నే పిలుస్తారు. పేరు తెలిసినవాళ్లకు కూడా మొహం గుర్తుండదు, అది వేరే సంగతి.

ఈ తొట్టిని బట్టలకొట్టు ఓంప్రకాశ్ తన తల్లి చిలుకమ్మ మంచానికి ఎదురుగా పెట్టించాడు. సముద్రం చూపిస్తానన్న ఆమె భర్త కొట్టు మూసి ఒక్కరోజూ కదల్లేదు. ఆయన పోయాడు. ఆమె మంచాన పడింది. దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి, నీళ్లు చేపలకు అనువుగా పండేదాకా సారంగపాణి నెలరోజులు ఓపిక పట్టాడు. ఈరోజు చేపలు వేయాలి.

లేవబోతుంటే రాళ్ల సందున ఏదో కనిపించింది. చెయ్యి పెట్టి తీశాడు. పాతకాలపు రాగి పైస.

"ఇదెవలేసిన్రమ్మా?"

"నేనే నిన్న కోడలితోని ఏయించిన బిడ్డా," అంది చిలుకమ్మ. "గోదారి దాటితేనే ఏస్తం, ఇది సముద్రమాయె. ఉత్తచేతులతోని ఎట్ల మొక్కుత? శాపలెప్పుడొస్తయి?"

"పొద్దూకేవరకు వస్తయమ్మా," అనేశాడు.

అన్నాక చేతిలోని పైసను మళ్లీ చూశాడు. ఉప్పునీటిలో రాగి చేపలకు విషం. వంటింట్లోకి వెళ్లి, కోడలు యమునకు గొంతు తగ్గించి చెప్పాడు.

"కొత్తనీళ్లు వోస్తె కాదా అన్నా?"

"రాళ్లు రాగిని గుంజుకున్నయక్కా. అన్నీ పారవోసి మొదటికెల్లి చెయ్యాలె. ఇంకో నెల. పైసలెయ్యద్దని చెప్పకపోతి, తప్పు నాదే. ఆమెకు మాత్రం చెప్పకున్రి."

"నెలంటే..." యమున అత్త గది వైపు చూసింది.

ఖిలా వరంగల్‌లోని అతని ఇంట్లో ఒక చిన్న తొట్టి ఉంది. పనుల్లో మిగిలిన అద్దం ముక్కలతో కట్టుకున్నది. అందులో తెల్లపట్టీల నారింజరంగు చేపల జంట. ఊరందరికీ కట్టిపెట్టిన మనిషి తనకంటూ ఉంచుకున్నది అదొక్కటే. దాని ముందు నిలబడి తల గోక్కుంటుంటే భార్య సుగుణ సంగతంతా విని బకెట్లు తెచ్చింది.

"తీస్కపో. ఇన్నేండ్లు నాకంటె వాటినే ఎక్కువ చూసినవు. ఇగన్న నా మొఖం చూస్తవేమో," అంది. అంటూనే కొంగుతో అద్దం తుడిచింది.

చిన్న తొట్టిని ఆటో సీటు మీద పెట్టి, చేపలూ నీళ్లూ ఉన్న బకెట్లను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, "గుంతల కాడ జర మెల్లగ అన్నా," అని దారిపొడుగునా బతిమాలాడు. పెద్ద తొట్టిని ఖాళీ చేసి పక్కకు జరిపి, చిన్నదాన్ని మంచానికి దగ్గరగా బల్ల మీద పెట్టి, బకెట్లలోని నీళ్లు పోసి చేపలను వదిలాడు.

"ఆ పెద్దదేమాయె?" అంది చిలుకమ్మ.

"నా పని సరిగ లేదమ్మా. అతుకు కారుతాంది."

ఒక్క అతుకూ ఏనాడూ కారనివ్వని మనిషి అన్న మాట అది. యమున మొహం తిప్పుకుంది.

చేపలు చాలాసేపు రాయి వెనకే దాక్కున్నాయి. సారంగపాణి తొట్టి పక్కనే కదలకుండా కూర్చున్నాడు. పొద్దు గూకుతుండగా ఒకటి తల బయటపెట్టింది. దాని వెనకే రెండోది.

"ఇగో, నన్నే చూస్తాంది," అని చిలుకమ్మ నవ్వింది. "నా పైస ముట్టిందా బిడ్డా?"

"ముట్టిందమ్మా. ఈ బల్ల మీదనే పెట్టిన."

మర్నాడు పొద్దున మేత వేద్దామని వస్తే గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి.

"లైటు తియ్యనియ్యలేదన్నా," అంది యమున. "వాటినే చూసుకుంట పండుకుంది. తెల్లారి లేపితే లేవలే. నీ తొట్టి నువ్వు..."

"ఉండనియ్యక్కా."

అతను చిటికెడు మేత నీటిపై చల్లాడు. చేపలు రెండూ పైకొచ్చాయి. పరుపు చుట్టేసిన మంచం పక్కన, బల్ల మీద, అద్దానికి ఆనుకుని రాగి పైస ఉంది, అంచున కాస్త పచ్చబడి.