నీలం పిడి కత్తి

"నువ్వు తలుపు దగ్గర కూర్చో షిఫ్రా. సినిమా సగంలో ఉండగానే లేచి టీ బల్ల సర్దాలి కదా," అన్నాడు భర్త మెండెల్. షిఫ్రా అప్పటికి నూట అరవై జున్ను దోసెలు చుట్టి పళ్ళేల్లో పేర్చి, చేతులు తుడుచుకుంటోంది. టొరంటోలో యూదుల సినిమా పండగ జరిగినన్నాళ్ళూ టీ బల్ల ఆమెదే. పదకొండేళ్ళుగా ఆమె చూసినవన్నీ సగం సినిమాలే.

ఈసారి మాత్రం లేవనంది. ఇవాళ్టి సినిమా ఆడపడుచు తాలియా తీసింది. పేరు 'పెర్ల్ వంటిల్లు'. పెర్ల్ అంటే అత్తగారే.

ముందు వరసలో తాలియా నల్లగౌను వేసుకుని కూర్చుంది, పక్కన అత్తగారు, చుట్టూ మెచ్చుకునేవాళ్ళు. షిఫ్రాకి కడుపు మండిపోయింది. ఈర్ష్యే, దానికి ఇంకో పేరెందుకు? పెళ్ళికి ముందు తనూ ముచ్చటపడి కెమెరా కొనుక్కుంది. "ఇంట్లో ఇద్దరూ కెమెరాలు పట్టుకు తిరిగితే శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం ఎవరు వండుతారే అమ్మాయ్?" అని అత్తగారు నవ్వుతూనే అన్నారు. ఆ కెమెరా ఇప్పుడు అటక మీద ఉంది. తాలియాని ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ గౌను మీద పిండి మరక పడితే బావుండునని కూడా అనిపించింది షిఫ్రాకి, అనిపించినందుకు సిగ్గేం పడలేదు.

తెర మీద పెర్ల్ ముఖం, పెర్ల్ గొంతు. "పాలూ మాంసమూ కలవకూడదని మా మత నియమం. అందుకే మా ఇంట్లో పాల వస్తువుల కత్తికి నీలం పిడి, మాంసం కత్తికి ఎరుపు," అని చెబుతోంది ఆ గొంతు. జడలా రొట్టె అల్లుతున్న చేతులు మాత్రం షిఫ్రావి. అత్తగారికి చేతులు వణుకుతాయని, "వదినా, కాసేపు నీ చేతులివ్వవూ" అంది తాలియా. ఆ కాసేపు ఆరు రోజులైంది. చివర్లో లైట్లు పట్టుకున్నవాడి పేరు పడింది, కారిచ్చిన పొరుగాయన పేరు పడింది. షిఫ్రా పేరు పడలేదు.

"ఆ చేతుల్లో ఎంత ఓపికమ్మా," అన్నారెవరో.

"మా అమ్మ చేతులండీ. వాటిలోనే పెరిగాను," అంది తాలియా, గొంతు కాస్త వణికించి.

ముసలి బ్లూమా కర్ర ఊతంగా లేచింది. "అంతా బానే ఉందమ్మాయ్. కోడిని నీలం కత్తితో కోశారేం?"

నలభై ఏళ్ళుగా పెర్ల్ ఇంట్లో భోంచేసినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెర్ల్ తల దించేసుకుంది.

"అయ్యో, అక్కడ అమ్మ కాదండీ," అంది తాలియా గబగబా. "అవి మా వదిన చేతులు. పొరపాటు తనదే."

షూటింగ్ రోజునే షిఫ్రా చెప్పింది, అది పాల కత్తి అని. "ఈ బల్లగుడ్డ మీద ఎర్రది బావోదు వదినా, ఒక్క ముక్కేగా," అని బతిమాలింది తాలియా. తర్వాత ఆ కోడిని పారేసి, కత్తిని ఒక రోజు విడిగా పెట్టి, మరిగే నీళ్ళలో ముంచి శుద్ధి చేసింది షిఫ్రానే.

మెండెల్ ఆమె చెయ్యి లాగాడు. "ఇప్పుడెందుకు గొడవ? టీ చల్లారిపోతుంది, పద."

షిఫ్రా లేచింది. టీ బల్ల వైపు కాదు, నడవలోంచి తెర దాకా వెళ్ళి రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"అవును బ్లూమా పిన్నీ, తాలియా నిజమే చెప్పింది, ఇవి నా చేతులే. కాలిన ఈ మచ్చ చూశారుగా? సినిమా మళ్ళీ మొదటినుంచీ వెయ్యమనండి. రొట్టె అల్లే చోటు నుంచీ ఈ మచ్చే కనిపిస్తుంది."