పొగగొట్టాన్ని కింది నుంచి దులిపిన రోజు

ఇది రెండు ముక్కల్లో అయిపోయే కథ. గ్లెనిస్ ఇంట్లో పాత ఇటుకల నిప్పుగూట్లో కొత్త ఇనప పొయ్యి బిగించారు, అంతే. కానీ పొయ్యి దాకా వెళ్ళాలంటే ముందు కెవ్ మోకాలి సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పొయ్యిలు బిగించేవాడు కెవ్ ఒక్కడే. పోయిన నెల గ్లెనిస్ పక్కింటి డాట్ వాళ్ళ కప్పు మీంచి జారి ఆమె గులాబీ మొక్కల్లో పడ్డాడు. మోకాలు పోయిందని కెవ్ ఏడిచాడు, గులాబీలు పోయాయని డాట్ ఏడిచింది. డాట్ ఏడుపే నది అవతలికి వినపడింది.

సరే, గ్లెనిస్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఏ పళ్ళెం ఎవరి ముందు పెట్టినా "ఇవాళ సరిగ్గా కుదర్లేదు" అంటూ పెడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట అంటార్కిటికా వెళ్ళే ఓడలో వంటమనిషి పనికి దరఖాస్తు పెట్టుకుంది. జవాబు రాలేదు. అప్పటి నుంచీ ఇదే మాట. యాపిళ్ళ పండగలో ఆమె చేసిన యాపిల్ పై అనే తీపి వంటకం కోసం జనం తోసుకుంటున్నా ఇదే మాట.

కొత్త పొయ్యి సరదా మొగుడు మెర్వ్‌ది. మెర్వ్‌కి చలంటే భయం, టోపీ పెట్టుకునే పడుకుంటాడు. "కట్టెల వేడంతా ఆకాశానికి పోతోంది గ్లెన్, మనకి మిగిలేది మసే" అని పోరుపెట్టి, భూగోళం కింది సగంలో ఉన్న మాకు చలికాలం పోయి ధర తగ్గాక, అక్టోబరు ఆఖర్లో గాజు తలుపు పొయ్యి కొన్నాడు.

దాని పొగ పోవడానికి పైదాకా స్టీలు గొట్టం వెయ్యాలి. ముందు ఏళ్ళ తరబడి దులపని పాత గొట్టం దులపాలి. హ్యూవాన్ నది పొడుగునా నిప్పు ముందు అన్న మాటలన్నీ ఇటుక గొట్టాల మసికి పట్టి ఉంటాయి కదా, అందుకని కప్పెక్కి పైనుంచి కిందికి దులుపుతారు. మాటలు గదిలో రాలతాయి. దులిపేవాడు చెవులు మూసుకుని మసి ఎత్తుతాడు. ఇంటివాళ్ళు వినకుండా పెరట్లో నిలబడతారు. అది మర్యాద. మర్యాద కోసమే డాట్ కూడా పిలవకుండా వచ్చింది, కుర్చీ తెచ్చుకుని.

కెవ్ మోకాలు కప్పెక్కనివ్వలేదు. కింద గూట్లోంచే కర్రకి కర్ర బిగించి బ్రష్షు పైకి తోశాడు. మాటలు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించలేదు.

గొట్టం పైనుంచి ఎగిరొచ్చి పెరట్లో మొదట రాలింది డాట్ గొంతు: "కెవ్ బిగించిన పొయ్యి కన్నా మా మేక నయం, కాస్త వెచ్చగా ఉంటుంది."

"అది నేను కాదు" అంది డాట్.

తర్వాత మెర్వ్ గొంతు, వయసులో ఉన్నప్పటిది. మెర్వ్‌కి మనసులో చదువుకోవడం రాదు, సబ్బు డబ్బా మీది రాతైనా పైకే చదువుతాడు.

"గ్లెనిస్ గారికి. మిమ్మల్ని మా ఓడలో వంటమనిషిగా తీసుకున్నాం. నవంబరు తొమ్మిదిన హోబార్ట్ రేవుకి రండి."

కాగితం నలిగిన చప్పుడు. మంట అంటుకున్న చప్పుడు. ఆ వెనకే అదే గొంతు, మెత్తగా: "ఇంక రాదులే గ్లెన్. నీ వంట వాళ్ళకి నచ్చలేదేమో."

మసి గ్లెనిస్ జుట్టు మీద రాలింది. అతను ఆ మాట అన్న సాయంత్రం అతని భుజం మీద తల పెట్టుకుని ఏడవడం ఆమెకి గుర్తుంది. అతను వీపు నిమిరాడు. ఆ చేతికి ఉత్తరం బూడిద ఇంకా అంటుకునే ఉండి ఉంటుంది.

"నువ్వు వెళ్ళిపోతే చలికి చచ్చిపోయేవాణ్ణి గ్లెన్" అన్నాడు మెర్వ్.

"ముప్పై ఒక్క ఏళ్ళు. రోజుకి మూడు పూటలు నా చేతి కూడు తిన్నావు. కుదర్లేదు అన్నప్పుడల్లా ఊఁ కొట్టావు."

మెర్వ్ టోపీ సర్దుకున్నాడు.

కెవ్ నల్లటి మొహంతో బయటికొచ్చి చెవుల మీది డిప్పలు తీశాడు. "ఏమన్నా వినపడిందా?"

"పొయ్యి బిగించెయ్ కెవ్" అంది గ్లెనిస్. పెరట్లో రాలిన మసి చీపురుతో ఎత్తి పిండి డబ్బాలో పోసుకుంది.

ఊరు పందాలు కాసింది. విడాకులని కొందరు, విషమని డాట్.

నవంబరు తొమ్మిదిన గ్లెనిస్ ఆ డబ్బాతో హోబార్ట్ రేవుకి వెళ్ళింది. ఓడ గుమాస్తా మూత తీసి, చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. "తేదీ సరిపోయింది. ఉత్తరంలో ఏ ఏడాదో చెప్పలేదు" అని పేరు రాసుకున్నాడు.

కొత్త పొయ్యి బాగా పనిచేస్తోంది. మెర్వ్ రోజూ దాని ముందు కూర్చుని క్షమించమంటున్నాడట. స్టీలు గొట్టానికి మాటలు పట్టవు.

ఓడలో మొదటి మధ్యాహ్నం గ్లెనిస్ నలభై మందికి గొర్రె మాంసం పులుసు వడ్డించింది. వడ్డిస్తూ ఏమీ అనలేదు.