వెల్లకిలా

ఒకటి, రెండు, మూడు అనుకుంటూ ఆయమ్మ దుప్పటి అంచు గుప్పిట బిగించి లాగింది. ఐదో మంచం మీది పెద్దాయన బరువంతా ఆమె మోకాళ్ల మీదికి వచ్చి, మళ్లీ పరుపు మీదికి ఒరిగింది. వీపు తుడిచి, పౌడరు చల్లి, నడుము వెనక దిండు దోపింది.

"ఈవైపు కాలిందా తల్లీ, అటు తిప్పావు?" అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"ఇంకా పచ్చిగానే ఉన్నావులే తాతా, పడుకో."

ఆసుపత్రిలో ఆమెను తిప్పుడాయమ్మ అంటారు. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మధ్యలో మూడేళ్లు ఇంట్లో మొగుణ్ణి కూడా తిప్పింది. ఆయన పోయిననాడు చూసినవాళ్లు "వీపున ఒక్క పుండు లేదే!" అన్నారు. ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే.

పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, రెయిలింగు పట్టుకుని మూడంతస్తులెక్కి, చెప్పులైనా విడవకుండా కిటికీ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి తొంగిచూసింది. అందులో కూతురు పెంచుకుంటున్న టరాంటులా ఉంది. ఒళ్లంతా నూగున్న పిల్ల సాలీడు, కాళ్లు చాపితే సీసా మూతంత. కూతురు రోడ్లు కొలిచే ఉద్యోగంలో ఉంది. పది రోజుల క్యాంపుకు వెళ్తూ దాన్ని తల్లికి అప్పగించింది. చూస్తేనే ఒళ్లు జలదరించేది ఆమెకు. కానీ పెద్దయ్యాక ఆ పిల్ల తనను అడిగిన సాయం అదొక్కటే. కాదనలేకపోయింది.

కూతురు క్యాంపుకు బయల్దేరిన పొద్దున కూడా ఆమె రాత్రి డ్యూటీ చేసొచ్చి మంచం మీద కూలబడి ఉంది. "కాళ్లు కిందికి ముడుచుకుంటే జబ్బు చేసినట్టు. పొట్ట ముడతలు పడితే నీళ్లు చాలనట్టు. వింటున్నావా?" అని ఆ పిల్ల చెబుతూనే ఉంది. "ఊఁ" అంది తల్లి. తర్వాతి మాటలకూ ఊ కొట్టింది గాని, అప్పటికే నిద్రలోకి జారిపోయింది.

ఇవాళ్టికి ఆరో రోజు. నాలుగు రోజులుగా అది తిండి ముట్టలేదు. ఇప్పుడు వెల్లకిలా పడి ఉంది, ఎనిమిది కాళ్లూ పైకి.

ఆమె డబ్బా మూత తీసింది. ముఖం దగ్గరగా పెట్టి చూస్తే ఒక కాలు సన్నగా వణికింది. ప్రాణముంది. తనంతట తాను తిరగలేనివాళ్లను ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పాలా? భయం సంగతే మరిచిపోయి, చెంచా తెచ్చి నెమ్మదిగా కింద దూర్చి, ఒకటి, రెండు, మూడు, బోర్లా తిప్పింది. నీళ్లు మార్చింది. పడుకోగానే హాయిగా నిద్ర పట్టింది.

రెండింటికి లేచి చూస్తే సాలీడు ఒంటి మీద చర్మం చిట్లి ఉంది. రెండు కాళ్లు తెల్లగా బయటికొచ్చాయి. తక్కినవి పాత చర్మంలోనే వంకరపోయి ఇరుక్కున్నాయి. కూతురికి ఫోన్ చేసింది.

"పొద్దున వెల్లకిలా పడిపోతే తిప్పి పెట్టానే. ఇప్పుడు దాని కాళ్లు ఊడి రావడం లేదు."

అవతల గాలి హోరులో కూతురు గొంతు పెంచింది.

"అది పడిపోలేదమ్మా. చర్మం విడవడానికి అలాగే పడుకుంటుంది. అప్పుడు ముట్టుకోకూడదు. చెప్పాను కదా నీకు!"

"చెప్పే ఉంటావు. నిద్రపోయాను."

"సరే... నేను కళ్లకు రంగేసుకునే కుంచె ఉంటుంది చూడు. తడిపి, ఇరుక్కున్నచోట అద్దు. లాగకు. నీకు దండం పెడతా, లాగకు."

కళ్లద్దాలు పెట్టుకుని నేల మీద కూర్చుంది. చుక్క చుక్కగా తడిపింది. గంటకు మూడో కాలు వచ్చింది. నాలుగోది సగం వచ్చి ఆగిపోయింది. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుందనిపించేది. ఇంతమందిని ఎత్తి తిప్పిన చేతులకు ఊరికే ఉండడం చేతకాదు. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని మరీ తడిపింది. ఆమె కాళ్లు మొద్దుబారాయి, నడుము పట్టేసింది.

ఐదింటికి సాలీడు కాళ్లలో వణుకు ఆగింది. అయినా ఆమె ఇంకో అరగంట తడుపుతూనే ఉంది.

"పోయిందే," అంది ఫోన్‌లో. "నా చేతులారా."

"కావాలని చేశావా ఏంటి," అంది కూతురు. "డ్యూటీకి టైమవుతోంది, బయల్దేరు."

దాన్ని కాగితంలో చుట్టి, మెట్ల కింది పూలకుండీలో పాతిపెట్టింది. పైకొచ్చి ముఖం కడుక్కుని, యూనిఫాం వేసుకుని తాళం వేసింది. ఐదో మంచాన్ని ఏడింటికి తిప్పాలి.

కిటికీ పక్కన డబ్బాలో, తడి మట్టి మీద, సాలీడు విడిచిన తలపెంకు ఒకటి మిగిలింది: గోరుముక్కంత, ఉల్లిపొరంత పలచన, కళ్లున్నచోట ఎనిమిది గాజు చుక్కలు.