సుద్ద గీతలు

ఇంటాయన మేడ ఎక్కడు. మోకాళ్ళ నొప్పి. ఆ సోమవారం ఎక్కాడు. పైమెట్టు మీద ఆయాసం వినిపించగానే, ఏదో ముంచుకొచ్చిందని టైలరమ్మకు తెలిసిపోయింది. మిషను తొక్కటం ఆపి లేచి నిలబడింది.

"కుండీలు తీసెయ్యాలమ్మా. మా పడకగది కప్పు మూల నీళ్ళు దిగుతున్నాయి. మంచం జరిపాం. జరిపిన చోటికీ వచ్చింది."

"అవి నా కుండీల నీళ్ళు కావు బాబాయిగారూ."

"మరి నా కన్నీళ్ళా? ఆదివారం పొద్దునకి తోపుడుబండివాణ్ణి మాట్లాడాను. నువ్వు తీస్తే సరే. లేకపోతే వాడు తీస్తాడు."

దిగటానికి ఎక్కినదానికంటే ఎక్కువసేపు పట్టింది ఆయనకు.

ఆమెది మేడ మీద ఒంటి గది. గదిలో మిషను, గది బయట అరవై రెండు కుండీలు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మందారాలు విచ్చుకున్నాయి, గడ్డిగులాబీలు పొద్దెక్కితే కళ్ళు తెరుస్తున్నాయి, కాగితంపూలు పిట్టగోడ దాటి వీధిలోకి తొంగి చూస్తున్నాయి. అన్నిటికంటే మల్లెలు. చలి పోయే ముందు ఆకు దూసింది, పది రోజులు నీళ్ళు మాన్పించి వాటిని ఎండగట్టింది, మళ్ళీ నీళ్ళు పోసింది. ఇప్పుడు కొమ్మ కొమ్మకీ మొగ్గ. మొగ్గ మీదున్న మల్లెను బండెక్కించి కుదిపితే రాలిపోతుంది. పైగా ఎక్కించి ఎక్కడికి? ఆమెకు వేరే జాగా లేదు. ముప్ఫై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కించిన కళ్ళు. తలెత్తితే అవి ఆనుకోవటానికి ఉన్నది ఆ పచ్చదనం ఒక్కటే.

ఆమె అన్న తాపీమేస్త్రి, రెండు వీధుల అవతల ఉంటాడు. మాట్లాడితే సిమెంటు ఖర్చయిపోతుందేమో అన్నట్టు బతికే మనిషి. పిలిస్తే వచ్చాడు. మేడంతా తిరిగాడు, నీళ్ళ ట్యాంకు కింద మూల కాలితో తట్టాడు, బీడీ వెలిగించాడు.

"ఏమంటావన్నా?"

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు."

"దేవుడి దాకా ఎందుకులే. నేనే కనుక్కుంటా."

అన్న తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆమెకు తెలిసిన పనిముట్టు ఒకటే. బట్ట మీద గీసే సుద్ద. మంగళవారం ఒక్కొక్క కుండీనీ ఇటుకల మీదికి ఎక్కించింది. గచ్చు తుడిచి, ఆరనిచ్చి, కుండీ కుండీ చుట్టూ గీత గీసింది. నడుము కొలత తీసినట్టు, సన్నగా, ఎక్కడా తెగకుండా. కుండీలోంచి నీళ్ళు కారితే గీత చెరగాలి. చెరగలేదంటే నీళ్ళు మట్టిలోనే ఉన్నట్టు. చెంబు కొలతతో నీళ్ళు పోసింది. బుధవారం పొద్దున చూస్తే అరవై రెండూ చెక్కుచెదరలేదు. కింద మరక మాత్రం జానెడు పెరిగిందని ఇంటావిడ చెప్పింది.

గురువారం పొద్దున ఒక గీత చెరిగింది.

ట్యాంకు మూలనున్న గుండుమల్లె. అన్నిటికంటే ఎక్కువ మొగ్గ తొడిగింది అదే. అడుగున వెంట్రుకంత బీట. ఆ బీటలోంచి నీళ్ళు జారి గీతను సగానికి తినేశాయి. టైలరమ్మ చేతిలో సుద్ద ఉంది. గీసిన గీత చెరిపి మళ్ళీ గీయటం ఆమెకు రోజూ చేసే పనే. ఎవరూ చూడలేదు. మోకాళ్ళాయన ఎలాగూ పైకి రాడు.

సుద్ద కొంగున ముడేసుకుని కిందికి దిగింది.

"బాబాయిగారూ, ఒక్క కుండీ కారింది. నాదే తప్పు."

"చూశావుటే!" అని ఆయన లోపలున్న భార్యకు వినపడేలా అరిచాడు. "ఒప్పుకుంది! నేను మొదటే చెప్పలా?"

"ఒక్కటే అన్నాను. అరవై ఒకటి కారలేదు."

"పడవ మునగటానికి చిల్లు ఒక్కటి చాలమ్మా."

"ఆ చిల్లు ఇప్పుడే కట్టేస్తా. రేపు కూడా మీ కప్పు తడిస్తే?"

"తడిస్తే నిన్నటి తడి ఇంకా దిగుతోందంటాను. ఆదివారం బండి వస్తుంది. అంతే."

గుండుమల్లెను బట్టలు నానబెట్టే తొట్టిలో కూర్చోబెట్టింది. ఇక అందులోంచి చుక్క కింద పడే వీలు లేదు. శుక్రవారం తెల్లారి కింద మరక ఇంకో బెత్తెడు పెరిగింది. ఆయన అన్న మాట మీదే నిలబడ్డాడు. నిన్నటి తడేనట.

అప్పుడు ఆమె చూపు ట్యాంకు మీద పడింది. అన్న కాలితో తట్టిన మూల గుర్తొచ్చింది. ట్యాంకు గొట్టం ఆ మూలనే గోడలోకి దిగుతుంది.

ఆమె గదిలో నీలిమందు డబ్బా ఉంది, తెల్ల బట్టలకు వాడేది. చక్కా వెళ్ళి ఇంటావిడను పెరట్లో పట్టుకుంది.

"పిన్నిగారూ, ట్యాంకులో నీలిమందు కలుపుతున్నా. తాగే నీళ్ళు ఎలాగూ వీధి కుళాయివే కదా."

ఇంటావిడ రెండు చెవులూ మూసుకుంది. "నాకు చెప్పకు. నేను వినలేదు." కాస్త ఆగి, "ఎప్పుడు కలుపుతావ్?" అంది.

"ఇప్పుడే."

"అయితే నేను రేపు స్నానం చెయ్యనులే."

టైలరమ్మ కొలత తప్పే మనిషి కాదు. బకెట్టుకు అర చెంచా. ట్యాంకుకు యాభై బకెట్లు. యాభై అర చెంచాలు లెక్కపెట్టి మరీ వేసింది. ఆ లెక్క తెల్లచొక్కాలకు సరిగ్గా సరిపోతుంది. మనుషులకు అది ఎక్కువవుతుందని ఆమెకు తట్టలేదు.

శనివారం పొద్దున స్నానాలగదిలోంచి కేక వినబడింది. ఇంటాయన తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. నెరిసిన మీసం నీలం. నెరిసిన తల నీలం. చెవుల మీది వెంట్రుకలు కూడా నీలమే.

"ఏమిటే ఇది! ఏమిటిది?"

"ఏమోనండీ. పడుచుదనం తిరిగొచ్చినట్టుంది," అంది ఇంటావిడ.

టైలరమ్మ అప్పటికే మెట్ల దగ్గర ఉంది. తల దించలేదు. "ట్యాంకులో నీలిమందు నేనే కలిపాను బాబాయిగారూ. ఎక్కువైంది. తిట్టండి, పడతాను. కానీ ముందు మీ గది కప్పు చూసి తిట్టండి. నా చెంబు నీళ్ళు మట్టిరంగు. ట్యాంకు నీళ్ళు నీలం. ఏ రంగు దిగితే ఆ దొంగ దొరికినట్టే."

"దిగకపోతే?"

"మీ బండికి కుండీలు నేనే ఎత్తుతాను."

పడకగదిలోకి ముగ్గురూ వెళ్ళారు. మరక పసుపుపచ్చగా, పాతగానే ఉంది. నీలం లేదు. ఇంటాయన కుర్చీ లాక్కుని మరక కింద కూర్చుని కప్పుకేసి చూడసాగాడు. మధ్యాహ్నం కూడా పచ్చగానే ఉంది. టైలరమ్మ పైకెళ్ళి మిషను ముందు కూర్చుంది, ఒక్క కుట్టు కూడా సరిగ్గా పడలేదు. మూడుసార్లు విప్పింది. కుండీల వంక మాత్రం చూడలేదు.

పొద్దు వాలుతుండగా కింద నుంచి పిలుపు వచ్చింది.

"ఏమమ్మోయ్. ఒకసారి దిగు."

మరక అంచున సన్నటి నీలి గీత. ఎవరో సుద్దతో గీసినట్టే ఉంది. చూస్తుండగానే మధ్యలో ఒక చుక్క ఊరి, వేలాడి, ఇంటాయన అరచేతిలో పడింది. ఆయన దాన్ని వేలితో రుద్ది చూసుకున్నాడు. మీసానికి తుడుచుకున్నాడు. రెండూ ఒకే రంగు.

"గొట్టమేనన్నమాట," అన్నాడు.

"గొట్టమే."

"ఆ బీట కుండీ సంగతి?"

"కొత్త కుండీ తెస్తాను. మొగ్గలు పూసి రాలాక మారుస్తాను. ఇప్పుడు కదిలించను."

"నేనేమన్నా కదిలించమన్నానా?"

ఆదివారం పొద్దున్నే తోపుడుబండి వచ్చింది. ఆపాటికే మేస్త్రి అన్న మూల గోడ పగలగొడుతున్నాడు. తుప్పు పట్టి జల్లెడైన గొట్టాన్ని బయటికి లాగి, చెల్లెలికి చూపించి, బండి మీదికి విసిరాడు. పెళ్ళలూ, పాత గొట్టమూ బండిలో వెళ్ళిపోయాయి.

ఇంటాయన ఆ రోజు మళ్ళీ మేడ ఎక్కాడు. సుద్ద గీతలు తొక్కకుండా, మోకాలు పట్టుకుని, ఒక్కొక్కటే దాటుకుంటూ తొట్టిలోని గుండుమల్లె దాకా నడిచాడు. ఆ పొద్దున మొదటి పువ్వు విచ్చింది.

"దీనికి చెంబెడు చాలా?" అని అడిగాడు.

"చాలదు. ఎండలు ముదురుతున్నాయి," అంది టైలరమ్మ, చెంబు ఆయన చేతికిస్తూ.