శౌరమ్మ జామ్ సీసాలు

శౌరమ్మ గరిటె ఆపలేదు. పెద్ద స్టీలు గిన్నెలో లవణాలు, విటమిన్లు, పంచదార కలిపిన నీళ్లలో, వాటిని జెల్లీలా గట్టిపరిచే అగర్ పొడి మసకమసకగా ఉడుకుతోంది. అది తేటపడేదాకా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. ఆవిరికి కళ్లద్దాలు మసకబారితే పమిటచెంగుతో తుడుచుకుంది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, మెడలో నల్లతాడుకి చిన్న సిలువ.

గన్నవరం అవతల అరటి మొక్కల్ని సీసాల్లో పెంచే ఆ ల్యాబులో ఈ గదిని అందరూ వంటగది అనే అంటారు. మొక్కలు తినే తిండి ఇక్కడే తయారవుతుంది మరి. ఇక్కడ చేరకముందు పదేళ్లు ఆమె కాన్వెంటు హాస్టల్లో మూడొందల మంది పిల్లలకి వండింది.

"పిల్లలైతే ఉప్పెక్కువైందని గోల చేస్తారండీ. మొక్కలు నోరెత్తవు, నల్లబడి చచ్చిపోతాయి," అనేది కొత్తగా చేరినవాళ్లతో.

ఇరవై రెండేళ్లుగా ఆమె చేతి తిండి తిని పెరిగిన అరట్లు కృష్ణా లంకల్లో గెలలు వేస్తూనే ఉన్నాయి. ఇవాళ ఉద్యోగంలో ఆమెకి ఆఖరి రోజు. సాయంత్రం శాలువా కప్పుతారు.

కానీ వారం రోజులుగా నాలుగొందల సీసాల్లో మొక్కల చుట్టూ తెల్లటి బూజు పట్టింది. ఇన్‌చార్జి లక్ష్మీకాంత్ పై ఆఫీసుకి పంపే రిపోర్టులో 'తిండి తయారీలో లోపం' అని రాసేశాడు. "పెద్దావిడ కదా, చూపు ఆనట్లేదేమో," అని అతను ఎవరితోనో అన్న మాట ఆమె చెవిన పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! వెళ్లిపోయే మనిషి మీద నింద వేస్తే తిరిగొచ్చి వాదించదు కదా. శాలువాతోపాటు ఈ మచ్చ కూడా కప్పుకుని పోవాలా?

ఒకప్పుడు ప్రతి వంటలోనూ ఒక సీసాని మొక్క పెట్టకుండా విడిగా ఉంచేవారు. అందులో బూజు పుడితే తప్పు వంటది, పుట్టకపోతే కాదు. ఒక సీసా దండగని లక్ష్మీకాంత్ వచ్చిన ఏడాదే ఆ పద్ధతి ఎత్తేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఇంట్లో ఖాళీ అయిన జామ్ సీసాలు తెచ్చి, గిన్నె అడుగున మిగిలింది వాటిలో పోసి, మిగతా సీసాలతోపాటే క్రిములు చచ్చేలా ఆటోక్లేవులో ఆవిరికి ఉడికించి, తేదీ రాసి పంచదార డబ్బాల వెనక దాచేది. అది హాస్టల్ నాటి అలవాటు. ఏ పిల్లకైనా కడుపునొప్పి వస్తే చూపించడానికి, వండిన ప్రతి కూరా ఒక గిన్నెడు మర్నాటిదాకా తీసి ఉంచేది.

ఇవాళ్టి వంట ఆటోక్లేవుకి ఎక్కించి, ఒక ట్రేలో ఆరు జామ్ సీసాలు పేర్చుకుని లక్ష్మీకాంత్ గదికి వెళ్లింది.

"ఏంటి శౌరమ్మా ఇవి?"

"బూజు పట్టిన వంటలవే సార్. తేదీలు చూస్కోండి."

అతను ఒకటి తీసి లైటుకి ఎత్తి చూశాడు. అడుగు దాకా తేటగా ఉంది. రెండోదీ అంతే. ఆరోది కూడా చూసి ట్రేలో పెట్టాడు.

"నా వంటలో తేడా ఉంటే వీటిల్లోనూ పుట్టాలి కదండీ. నా చూపు ఆనకపోతే పోనీండి, మీ చూపుతోనే చూడండి."

అతను లేచి నేరుగా మొక్కలు కోసి సీసాల్లో నాటే గదికి వెళ్లాడు. అక్కడ నాటే బల్లకి గాలిని వడపోసే ఫిల్టర్ విప్పిస్తే మూలన రూపాయి బిళ్లంత చిరుగు కనిపించింది. బూజు గాలితోపాటు అక్కణ్నించే సీసాల్లోకి దిగుతోంది. తప్పు తన చేతులదీ కాదని తేలి, నాటే అమ్మాయి సుస్మిత గుండె మీద చెయ్యి వేసుకుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. జామ్ సీసాలో నిలబెడితే మరీ బాగా తెలుస్తుంది.

లక్ష్మీకాంత్ ఆమె ఎదుటే రిపోర్టు మార్చాడు. "సారీ అండీ, శౌరమ్మగారూ," అన్నాడు. నాలుగేళ్లలో అతని నోట 'గారు' రావడం అదే మొదలు. రేపట్నించి ప్రతి వంటకీ ఒక సీసా విడిగా ఉంచాలని కాగితం మీద రాసి వంటగది తలుపుకి తనే అంటించాడు.

సాయంత్రం శాలువా కప్పి రెండు మాటలు మాట్లాడమన్నారు.

"అగర్ తేటపడ్డాకే దించండి. గరిటె ఆపకండి," అందామె. చప్పట్లతో గది దద్దరిల్లింది. గెలిచాను ప్రభువా, అనుకుంది. ఆనందంతో కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. శాలువా తీయకుండానే రోడ్డు మీదికి నడిచి కేసరపల్లి ఆటో ఎక్కింది.

వంటగదిలో పంచదార డబ్బాల ముందు, ఇక దాచాల్సిన పని లేని చోట, ఇవాళ్టి జామ్ సీసా నిలబడి ఉంది. మూత మీద ఆమె గుండ్రటి అక్షరాలతో తేదీ ఉన్న ఆ సీసాలో వారం గడిచినా, నెల గడిచినా ఏమీ మొలవలేదు.